కాగితం రాయండి, చేరిన తేదీ మాత్రం మార్చకండి

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాకు లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. నాన్నగారు పెట్టింది. ఆయన పోయాక ఆరేళ్లుగా నేను చూసుకుంటున్నాను. వెల్డర్లు, ఫిట్టర్లు, పెయింటర్లు, హెల్పర్లు, ఆఫీసులో లెక్కలు రాసే అమ్మాయి, అంతా కలిపి 26 మంది. పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నాం. కానీ ఎవరికీ అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, అందరూ నోటిమాట మీద చేరినవాళ్లే. కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, బేసిక్ సగానికి పెంచాలి, గ్రాట్యుటీ భారం పెరుగుతుంది అని మా ఆడిటర్ గారు చెబుతున్నారు. పాతవాళ్ల చేత రాజీనామా రాయించుకుని ఈ తేదీతో కొత్తగా చేర్చుకుంటే భారం పోతుందని తెలిసినవాళ్లు ఒకరు సలహా ఇచ్చారు. షెడ్డును రెండు పేర్ల మీద విడగొట్టమని ఇంకొకరు అన్నారు. పోయిన నెల ఒక పెయింటర్ ఉన్నట్టుండి మానేశాడు. అతని మీద నాకు 18,000 అడ్వాన్సు ఉంది. పైగా ఒక క్యాబిన్ రంగు చెడగొట్టి వెళ్లాడు. అయినా రెండు రోజుల్లో లెక్క తేల్చి ఇవ్వాలంటున్నారు. ఇదంతా నిజమేనా? నేను ముందు ఏం చెయ్యాలి?
(పేరు రాయవద్దని కోరారు)

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అడిగినవి నాలుగైదు విషయాలు గానీ, రాజీనామా సంగతే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అందుకే దానితోనే మొదలుపెడతాను. ఆ పని చెయ్యకండి. అన్యాయం అన్న మాట పక్కన పెట్టి చూసినా అది మీకే నష్టం.

పదేళ్లు, ఇరవై ఏళ్లు చేసిన మనిషి రాజీనామా కాగితం మీద సంతకం పెట్టాడంటే, అప్పటిదాకా చేసిన సర్వీసు మొత్తానికీ గ్రాట్యుటీ (పని మానేటప్పుడు సర్వీసు ఏళ్లను బట్టి యజమాని ఇచ్చే మొత్తం) ఆ రోజే మీ మీద పడుతుంది. 30 రోజుల్లో కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ తోడవుతుంది. భారం తప్పుతుందనుకుంటున్నారు, ఎప్పుడో రావాల్సిన భారాన్ని వచ్చే నెలకే తెచ్చుకుంటున్నారు. ‘గ్రాట్యుటీ వద్దని వాళ్ల చేతే రాయించుకుంటాను’ అంటారేమో, చట్టం ఇచ్చిన హక్కును వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదు. పొద్దున రాజీనామా ఇచ్చిన మనిషి మర్నాడు అదే షెడ్డులో అదే గ్రైండర్ పట్టుకుని కనిపిస్తే, ఆ రాజీనామాను ఏ అధికారీ నమ్మడు. కాబట్టి ఆ సలహా ఇచ్చినవారికి దండం పెట్టి ఊరుకోండి.

ఇక అసలు విషయం. పాత కార్మిక చట్టాలు 29 రద్దయ్యాయి. వాటి చోట నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ 2019 నాటిది. పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత - ఆరోగ్యం - పని పరిస్థితుల కోడ్‌లు మూడూ 2020 నాటివి. మీ షెడ్డు లాంటి ప్రైవేటు యూనిట్లకు నియమాలు రాసేది రాష్ట్ర ప్రభుత్వం. కొత్త నియమాలు వచ్చేదాకా, కోడ్‌కు విరుద్ధంగా లేనంత మేరకు పాత నియమాలే నడుస్తాయి. కాబట్టి ‘రూల్స్ రాలేదు కదా, చూద్దాంలే’ అని కూర్చోవడానికి లేదు. కోడ్‌లోనే నేరుగా ఉన్న బాధ్యతలు ఇప్పటికే మీ మీద ఉన్నాయి.

ముందు బేసిక్ లెక్క చూద్దాం. ఆడిటర్ గారు చెప్పింది చాలావరకు నిజమే. ‘బేసిక్ సగానికి పెంచాలి’ అన్న మాట మాత్రం కొంచెం సరిచెయ్యాలి. మీరు పెంచినా పెంచకపోయినా చట్టమే దాన్ని పెరిగినట్టు లెక్కేస్తుంది. వేతనం అంటే బేసిక్, డీఏ (కరువు భత్యం), రిటైనింగ్ అలవెన్సు (పని లేని రోజుల్లో మనిషిని నిలుపుకోవడానికి ఇచ్చే భత్యం). ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం, ఓవర్‌టైమ్, కమీషన్ లాంటివి అందులోకి రావు. అయితే ఈ మినహాయింపులన్నీ కలిపి మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే, దాటిన మేర తిరిగి వేతనంలో కలుస్తుంది.

మీ దగ్గర 30,000 తీసుకునే ఫిట్టర్ ఉన్నాడనుకుందాం. బేసిక్, డీఏ కలిపి 12,000. ఇంటి అద్దె, ప్రయాణ భత్యాలు 18,000. ముప్ఫై వేలలో సగం 15,000. భత్యాలు దానికి 3,000 ఎక్కువున్నాయి. ఆ 3,000 వచ్చి బేసిక్‌తో కలుస్తుంది. చట్టం దృష్టిలో అతని వేతనం ఇక 15,000. (లెక్క తేలిగ్గా ఉండాలని మీ వాటా పీఎఫ్‌ను ఇందులో చూపించలేదు. అసలు లెక్కలో ఆడిటర్ గారు దాన్నీ కలపాలి.)

పీఎఫ్ 12 శాతం చొప్పున ఇంతకుముందు 12,000 మీద 1,440 కడుతున్నారనుకోండి, ఇప్పుడు 15,000 మీద 1,800 అవుతుంది. మీకు నెలకు 360 పెరుగుతుంది, అతని చేతికొచ్చే జీతంలో ఒక 360 తగ్గుతుంది. పీఎఫ్ చట్టబద్ధ పరిమితి 15,000 దగ్గరే ఆగుతుంది కాబట్టి, ఇప్పటికే ఆ పరిమితి మీద కడుతున్నవారికి ఏ మార్పూ ఉండదు. మీవాళ్లలో కొందరికి జీతం కాస్త తగ్గుతుంది. ఆ విషయం జీతాల రోజుకు ముందే కూర్చోబెట్టి చెప్పండి. డబ్బు తగ్గిందన్న కోపం కంటే, చెప్పకుండా తగ్గించారన్న కోపమే ఎక్కువ రోజులు ఉంటుంది.

గ్రాట్యుటీ దగ్గర భారం నిజంగానే పెరుగుతుంది. ఆఖరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. పై ఫిట్టర్‌కు 24 ఏళ్ల సర్వీసు ఉంటే, 12,000 మీద 1,66,154 వచ్చేది. 15,000 మీద 2,07,692 వస్తుంది. తేడా 41,538 రూపాయలు. ఆఖరి వేతనమే లెక్క కాబట్టి గడిచిన ఏళ్లకు కూడా పెరిగిన అంకే వర్తిస్తుంది. ఇలాంటివాళ్లు మీ దగ్గర ఎంతమంది ఉన్నారో, ఎవరు ఎప్పుడు రిటైర్ అవుతారో ఈ వారమే ఒక కాగితం మీద వేసుకోండి. ఎల్‌ఐసీ వాళ్ల గ్రూప్ గ్రాట్యుటీ పాలసీ లాంటిది తీసుకుంటే ఏటా కొంచెం కొంచెం కడుతూ పోవచ్చు. ఒకేసారి ఇద్దరు రిటైరయ్యే ఏడాది మీరు చేబదులు కోసం తిరిగే పని ఉండదు.

ఇక్కడే చాలామంది చూసుకోని విషయం ఒకటుంది. ఈఎస్ఐ వేతన పరిమితి 21,000. ఇంతవరకు ఇంటి అద్దె భత్యంతో కలిపి చూస్తే 30,000 వాళ్లు ఈఎస్ఐకి బయట ఉండేవారు. కొత్త నిర్వచనంలో వేతనం 15,000కు దిగితే, ఈఎస్ఐ లోపలికి మళ్లీ వస్తారా అన్న ప్రశ్న మీ ముందుకు వస్తుంది. మీ వాటా 3.25 శాతం, వాళ్ల వాటా 0.75 శాతం. మీ లెక్క పట్టికను జతచేసి ఈఎస్ఐ స్థానిక కార్యాలయానికి రాతపూర్వకంగా రాసి జవాబు తీసుకోండి. ఫోన్లో అడిగి ఊరుకోకండి.

జీతం చీటీలో ‘స్పెషల్ అలవెన్సు’ అని ఒక గడి ఉంటే దాన్ని కూడా చూసుకోండి. మినహాయింపుల జాబితాలో ఆ పేరు లేదు. నన్నడిగితే దాన్ని వేతనంగానే లెక్కేయమంటాను. పేరు మార్చి మరో భత్యం పుట్టించడం వల్ల ఇక ఒరిగేదేమీ లేదు. సగం దాటాక ఏ పేరైనా ఒకటే.

ఇప్పుడు ఆ పెయింటర్ సంగతి. అవును, నిజమే. తీసేసినా, తానే మానేసినా, వేతనాల లెక్క రెండు పనిదినాల్లో తేల్చి ఇవ్వాలి. ‘వచ్చే నెల ఏడో తారీఖున రా’ అనే అలవాటు మానుకోవాలి. అడ్వాన్సు పట్టుకోవచ్చు, అది చట్టం ఒప్పుకునే కోతే. కానీ ఒక జీతం గడువులో కోతలన్నీ కలిపి వేతనంలో సగం దాటకూడదు. అతనికి రావాల్సింది 11,200 అనుకుంటే మీరు పట్టుకోగలిగేది 5,600 మాత్రమే. మిగతా 12,400 అతను మీకు బాకీ, దాన్ని వేరే దారిలో వసూలు చేసుకోవాలి. అడ్వాన్సు ఇచ్చినప్పుడు సంతకం తీసుకున్నారా? ఉత్తరంలో ఆ మాట లేదు. తీసుకోకపోతే ఆ 5,600 కూడా వాదన కిందికే వస్తుంది.

రంగు చెడిందని మాత్రం జీతం కోయకండి. నష్టం పేరుతో కోత అంటే, అతని వశంలో ఉంచమని అప్పగించిన సరుకు పోవడమో పాడవడమో, లెక్క చెప్పాల్సిన డబ్బు తగ్గడమో జరిగి ఉండాలి. అది అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. అప్పుడైనా ముందు సంజాయిషీ అడగాలి. పని బాగా రాలేదన్నది ఆ కిందికి రాదు. జరిమానా వెయ్యాలన్నా ఆ గడువు వేతనంలో 3 శాతం దాటకూడదు. క్యాబిన్‌కు మళ్లీ రంగు వేయించుకోండి, ఆ ఖర్చు వ్యాపారంలోదే అనుకోండి.

చాలా ఏళ్ల కిందట నేను ఒక యజమాని పక్కన లేబర్ ఆఫీసులో కూర్చున్నాను. మీలాంటి మనిషే. పండక్కి బట్టలు పెట్టేవాడు, పిల్లల ఫీజులకు డబ్బిచ్చేవాడు. మానేసిన మనిషి ఒకడు ఓవర్‌టైమ్ డబ్బులు ఇవ్వలేదని దరఖాస్తు పెట్టాడు. ఈయన ఇచ్చాడు, ఇచ్చాడని నాకూ తెలుసు. కానీ చేత్తో ఇచ్చాడు, శనివారం సాయంత్రం, సంతకం లేకుండా. టేబుల్ మీద పెట్టడానికి మా దగ్గర ఒక చిన్న నోటు పుస్తకం ఉంది. అందులో పేర్ల పక్కన టిక్కులు ఉన్నాయి. ఆ టిక్కు ఎవరు పెట్టారని అధికారి అడిగాడు. ఈయన ‘నేనే’ అన్నాడు. ఆ డబ్బు రెండోసారి కట్టాల్సి వచ్చింది. బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర నిలబడి, ‘నేను వాడికి ఇవ్వలేదని వాడు అన్నాడండీ’ అని మూడుసార్లు అన్నాడు. డబ్బు పోయినందుకు కాదు ఆయన బాధ.

అప్పుడే పరిస్థితి అలా ఉంది. ఇప్పుడు వేతనాల కోడ్ సూటిగానే చెబుతోంది: వేతనం ఇవ్వలేదని కార్మికుడు దరఖాస్తు పెడితే, ఇచ్చామని రుజువు చేయాల్సింది యజమానే. అడగడానికి గడువు కూడా పెరిగింది. పాత కనీస వేతనాల చట్టంలో ఆరు నెలలు, వేతనాల చెల్లింపు చట్టంలో ఏడాది ఉండేది. ఇప్పుడు మూడేళ్లు. తక్కువ ఇచ్చినట్టు తేలితే ఆ మొత్తం మీద పది రెట్ల వరకు పరిహారం వెయ్యొచ్చు, 50,000 దాకా జరిమానా వేరే. ఐదేళ్లలోపు అదే తప్పు మళ్లీ చేస్తే మూడు నెలల జైలు దాకా వెళ్తుంది. యజమానికి మంచి చేసే మార్పు కూడా ఒకటుంది. తనిఖీకి వచ్చే అధికారిని ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ - కమ్ - ఫెసిలిటేటర్ అంటున్నారు. వేతనం తక్కువ ఇచ్చిన తప్పు కాక, రిజిస్టర్ల లాంటి మిగతా తప్పులు మొదటిసారి కనబడితే, కేసు పెట్టేముందు సరిదిద్దుకోమని రాతపూర్వకంగా గడువిస్తాడు. ఐదేళ్లలో అదే తప్పు మళ్లీ దొరికితే ఆ అవకాశం ఉండదు. అందుకే జీతాలు బ్యాంకు ఖాతాల్లో వెయ్యండి, ప్రతి నెలా ఏడో తారీఖు దాటనివ్వకండి, జీతం చీటీ ఇవ్వండి. హాజరు, ఓవర్‌టైమ్, కోతలు రిజిస్టర్లో ఎక్కాలి. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు రేటు ఇవ్వాలి. ఆటోనగర్‌లో ఒకటిన్నర రేటు మామూలని నాకు తెలుసు, అది పాత చట్టం కింద కూడా తప్పే.

షెడ్డును రెండు పేర్లుగా విడగొట్టమన్న సలహా కూడా నాకు కొత్త కాదు. ఒకే ఆవరణ, ఒకే కరెంటు మీటరు, ఒకే మేస్త్రీ, పొద్దున ఈ పేరు మీద పనిచేసిన వెల్డర్ మధ్యాహ్నం ఆ పేరు మీద. పీఎఫ్ వాళ్లు వచ్చి చూస్తే రెండింటినీ ఒకటిగానే కలుపుతారు, వెనకటి బకాయిలతో సహా. కాంట్రాక్టర్ కింద పెట్టినా ఫలితం పెద్దగా ఉండదు. కాంట్రాక్టు కార్మికులు 50 మంది లోపైతే లైసెన్సు గొడవ లేకపోవచ్చు. కానీ కాంట్రాక్టర్ జీతాలు ఎగ్గొడితే ఆ బాధ్యత తిరిగి మీ గుమ్మంలోకే వస్తుంది.

పెద్ద ఆర్డరు పడినప్పుడు అదనంగా మనుషులు కావాలంటే చట్టమే ఒక దారి చూపిస్తోంది. ఆరు నెలలకో ఏడాదికో గడువు రాసి ఫిక్స్‌డ్ టర్మ్ మీద తీసుకోండి. గడువు తీరాక వెళ్లిపోవడం ఉద్యోగం నుంచి తీసేసినట్టు కాదు. అయితే అదే పని చేసే పర్మనెంటు మనిషితో సమానంగా వేతనం, సదుపాయాలు ఇవ్వాలి. ఏడాది నిండితే, మిగతావారికి గ్రాట్యుటీకి కావాల్సిన ఐదేళ్లు ఆగకుండానే, చేసిన కాలానికి తగ్గట్టు గ్రాట్యుటీ ఇవ్వాలి.

పత్రికల్లో ఎక్కువ చర్చ జరిగింది 300 అనే సంఖ్య మీద. కార్మికులు 300 లోపున్న సంస్థ మూతకు, తొలగింపుకు ప్రభుత్వ అనుమతి అడగక్కర్లేదన్నది. కార్మిక సంఘాలు దాన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాయి. మీ 26 మందికి ఆ సంఖ్యతో పని లేదు. మీకు వర్తించేది 20. ఇరవై మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. మీవైపు ఎంతమందో వాళ్లవైపు అంతమంది, మొత్తం పది మందికి మించకుండా, మహిళలకు తగిన చోటుతో. దీన్ని తలనొప్పి అనుకోకండి. పెయింటర్ ఉన్నట్టుండి ఎందుకు మానేశాడో మీకు తెలియలేదు. అలాంటి కమిటీ ఉంటే ఎవరో ఒకరు ముందే చెప్పేవారేమో. పని తగ్గి ఎవరినైనా తీసేయాల్సి వస్తే నోటీసు, ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారం మామూలే. వాటికి తోడు ఇప్పుడు 15 రోజుల వేతనం రీస్కిల్లింగ్ నిధికి (తీసేసిన కార్మికులు కొత్త పని నేర్చుకోవడానికి పెట్టిన నిధి) కట్టాలి.

మిగతావి చిన్నవి. ఆఫీసు అమ్మాయి రాత్రి ఏడు దాటి ఉండాల్సి వస్తే ఆమె సమ్మతి ఉండాలి. ఇంటికి క్షేమంగా చేరే ఏర్పాటు కూడా మీదే. సెలవులకు 240 రోజుల లెక్క 180కి తగ్గింది. ఏడాదిలో అన్ని రోజులు పనిచేసినవారికి ఇరవై రోజులకు ఒకటి చొప్పున జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో ప్రమాదం జరిగినా పనిలో జరిగినట్టే చూస్తారు. నలభై దాటినవారికి ఏటా ఉచిత వైద్య పరీక్ష చేయించాలి. దీన్ని మాత్రం మొక్కుబడిగా చేయించకండి. వెల్డర్ల కళ్లు, పెయింటర్ల ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో ఆ షెడ్డులో పెరిగిన మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక అపాయింట్‌మెంట్ లెటర్లు. మీరు ముందు చెయ్యాల్సిన పని ఇదే. అంతవరకు లెటర్ లేనివారికి కోడ్ అమల్లోకి వచ్చిన మూడు నెలల్లో ఇవ్వాలని చట్టంలోనే ఉంది. నవంబరు 21 నుంచి లెక్కేస్తే ఆ గడువు 2026 ఫిబ్రవరి 21. గడువు దాటిందని ఊరుకోకండి, ఆలస్యంగా ఇచ్చిన లెటర్ అసలు లేని లెటర్ కంటే నయం. ఒక్క పేజీ చాలు, తెలుగులోనే రాయండి, వాళ్లు చదువుకోగలగాలి. పేరు, పుట్టిన తేదీ, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు, చేసే పని, నైపుణ్యం స్థాయి, వేతనం ఎంత, భత్యాలు ఏవి, పని గంటలు, వారాంతపు సెలవు. రెండు ప్రతులు తీయించి, ఒకటి వాళ్లకిచ్చి రెండోదాని మీద సంతకం తీసుకోండి.

‘చేరిన తేదీ’ అన్న గీత దగ్గర మాత్రం కొంచెం ఆగండి. అక్కడ ఈ ఏడాది తేదీ వెయ్యాలన్న ఆశ పుడుతుంది. నిజం తేదీ వెయ్యండి. నాన్నగారి పాత హాజరు పుస్తకాలు ఇంట్లో ఏ అటకమీదో ఉంటాయి, దింపండి. అవి దొరక్కపోతే పీఎఫ్ మొదటి చలానా చూడండి, ఈఎస్ఐ కార్డు చూడండి. అవీ లేకపోతే మీ పెద్ద ఫిట్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ‘మీ నాన్నగారు షెడ్డు మీద రేకులు మార్పించిన ఏడాది చేరానండి’ అని ఏదో గుర్తు చెబుతాడు. ఆ ఏడాదిని లెటర్లో రాసి, మీరు సంతకం పెట్టి, మీ చేత్తో అతని చేతిలో పెట్టండి.